ఉత్త కర్ర

ఫిబ్రవరి 3, 1986. సోమవారం

బాలవాడి తాళంచెవి అడిగారు, ఇచ్చాను. వయోజన విద్య తరఫున గుంటూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు సుధ. పాతికేళ్లు ఉంటాయేమో. భుజాన గుడ్డసంచి, ముడివేసిన జుట్టు, మాచర్ల బస్సు దుమ్మంతా ఆ పిల్ల మొహానే ఉంది. మూడు వారాల పాటు సాయంత్రాలు మా బాలవాడి ముందు జాగాలో క్వారీ కాలనీవాళ్లతో వర్క్‌షాప్ పెడుతుందట.

ఏం నేర్పుతారమ్మా అని అడిగాను. "నేర్పేదేం లేదండీ. మీరు రోజూ చేసే పనులే. ఊడ్చడం, నీళ్లు పట్టడం, రాయి కొట్టడం... చేతిలో వస్తువు ఉండదు. కదలిక ఒక్కటే చేసి చూపిస్తారు. అందరివీ కలిపితే ఒక రోజు అవుతుంది" అంది.

పొద్దస్తమానం రాయి కొట్టి నడుం పడిపోయి వచ్చినవాళ్ల చేత మళ్లీ రాయి కొట్టినట్టు చేయిస్తుందట. గుంటూరులో పని తక్కువై ఉంటుంది. పైకి మాత్రం మంచిదమ్మా అన్నాను.

మా ఆయన ఇవాళా మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడకి అవతల కోటమ్మ ఇల్లు.

ఫిబ్రవరి 4

వినుకొండ నుంచి తమ్ముడు కబురు చేశాడు. రైస్ మిల్లులో వాచ్‌మన్ పని ఉందట, బావని తీసుకుని వచ్చెయ్యమని. నెలాఖరులోపు తేల్చాలట.

చెప్పాను. వినిపించుకున్నాడో లేదో.

ఫిబ్రవరి 5

ఎవరూ రారనుకున్నాను. ఆడవాళ్లు బాగానే వచ్చారు. మగాళ్లు ప్రహరీ అవతల నిలబడి బీడీలు కాలుస్తూ చూశారు. సినిమా వాళ్లెవరైనా దిగారేమోనని కాబోలు.

సుధ ఒక పాలడబ్బా బోర్లించి పుల్లతో మెల్లగా కొట్టడం మొదలుపెట్టింది. పొద్దున లేవగానే ఏం చేస్తారో చెయ్యండి అంది. అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని పైట నోట్లో కుక్కుకుని నవ్వులు. చివరికి ముసలి నాగమ్మ లేచింది. వంగి, లేని చీపురుతో ఊడ్చింది. అంతే, అందరూ వంగారు. ఒకామె విసురుగా. ఒకామె మధ్యమధ్యలో ఆగి నడుం పట్టుకుని. ఒకామె ఎడమచేత్తో. లేని చెత్తని కూడా పక్కింటి వైపుకే తోసింది సీతారావమ్మ... బుద్ధి యాడికి పోతుంది అన్నారు ఎవరో.

నన్నూ లేపారు. ఏం చేశానో చూసుకుంటే, పిల్లల ముక్కులు తుడుస్తున్నాను. ఒకటి తర్వాత ఒకటి. అందరూ పడీపడీ నవ్వారు. నేనూ.

కోటమ్మ కూడా వచ్చింది. నేను ఈ చివర కూర్చుంటే తను ఆ చివర.

తన వంతు వచ్చినప్పుడు కూర్చున్నచోటే కంచం పెట్టింది. గిన్నెలోంచి అన్నం తీసి వడ్డించింది. పప్పు పోసింది. పక్కన ఇంకో కంచం పెట్టింది. దానిలోకి చెయ్యి పోబోతూ పోబోతూ ఆగిపోయింది. ఆ చేతిని ఒడిలోకి తీసుకుని అక్కడే పెట్టుకుంది.

సుధ డబ్బా ఆపింది. ఎవరూ నవ్వలేదు.

ఫిబ్రవరి 6

పొద్దున్నే గోడ అవతల చీపురు చప్పుడు. ఇన్నేళ్లుగా వినబడుతూనే ఉంది, ఎప్పుడూ వినలేదు. రెండు గీతలు పొడుగ్గా, ఒకటి పొట్టిగా, ఆగి, మళ్లీ. మొగుడు హనుమయ్య ఉన్నప్పుడు కోటమ్మ ఇంకా జోరుగా ఊడ్చేదేమో. గుర్తు లేదు. గుర్తు పెట్టుకోలేదు.

మంచం మీద ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. ఆయనా వింటున్నాడు.

ఫిబ్రవరి 7

బోరు దగ్గర సుధ అడిగింది, మీ ఆయన పనికి పోరా టీచర్‌గారూ అని. ఎవరో ఒకరు చెబుతారు, చిలవలు పలవలు చేర్చి. నేనే చెబితే నయం అనిపించింది. చెప్పాను.

పెద్ద బండ అయితే మోకుతో కట్టి మోతకర్రకి వేలాడదీస్తారు. ముందు ఒకడు, వెనక ఒకడు భుజాన పెట్టుకుంటారు. బండ మధ్యలో నిలువుగా వేలాడుతుంది కాబట్టి వెనకవాడికి తన కాళ్ల ముందు నేల కనబడదు. ముందువాడే వాడికి కళ్లు. గుంట ఉంటే గుంట అనాలి. రాయి ఉంటే రాయి అనాలి. వెనకవాడు ఊఁ అనాలి. ఆ ఊఁ వినబడేదాకా ముందువాడు అడుగు తీసి అడుగు వెయ్యకూడదు. దారి చెప్పడం అంటారు దాన్ని.

ఆయన ముందు, హనుమయ్య వెనక. పెళ్లయి నేను ఈ కాలనీకి వచ్చేసరికే వాళ్లిద్దరూ జత. పోయిన వానాకాలంలో హనుమయ్య కాలు గుంటలో పడింది, బండ మీదికి వచ్చింది. మాచర్ల చేరకముందే పోయాడు.

క్వారీలో వెనకవాడు పడితే ముందువాణ్ని అడిగేది ఒకటే. దారి చెప్పావా? మేస్త్రి అడిగాడు. అందరూ అడిగారు. కోటమ్మ ఆయన చొక్కా పట్టుకుని అడిగింది. చెప్పానూ అనలేదు, చెప్పలేదూ అనలేదు. నోరు మూసుకున్నాడు. ఆ రోజు మూసిన నోరు అన్నానికి తప్ప తెరవడం లేదు. అప్పట్నుంచి ఆయన వెనక నిలబడటానికి ఎవరూ రారు. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లోకి పోయాడు కొన్నాళ్లు. దగ్గు తెచ్చుకుని తిరిగొచ్చాడు.

సుధ అంతా విని "మీకైనా చెప్పలేదా" అంది. నేను అడగలేదు అన్నాను. ఎందుకు అడగలేదంటే... ఆ ముక్క మాత్రం ఆ పిల్లకి చెప్పలేదు. చెప్పలేదు అంటాడేమోనని భయం నాకు. అడగనంతకాలం కొంచెం ఆశ ఉంటుంది.

కాలనీవాళ్ల తప్పేం లేదు. ఆయన వెనక నేను మాత్రం నిలబడతానా?

ఫిబ్రవరి 9. ఆదివారం

చర్చికి ఒక్కదాన్నే పోయాను. సువార్త చదువుతుంటే మనసు లేదు. ముందు బల్లల మీద కూర్చున్నవాళ్లు లేవడం, మోకరించడం, మళ్లీ కూర్చోవడం చూస్తూ ఉండిపోయాను. ఈ సుధ కళ్లజబ్బు నాకూ అంటించింది.

ఫిబ్రవరి 10

మేస్త్రి ఇంటి ముందు స్కూటర్ ఆపాడు. దిగలేదు.

"ఏసోబూ, పని లేదని నేనంటంలా. జత ఒకణ్ణి తెచ్చుకో, రేప్పొద్దున్నే రా. జత లేకుండా నిన్నేం జేసుకోమంటావ్?"

ఆయన గుమ్మంలో నిలబడి తల ఊపాడు. స్కూటర్ పోయాక కూడా కాసేపు ఊపుతూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 12

శ్రమకాలం ఇవాళ్టి నుంచి, ఈస్టర్ దాకా నలభై రోజుల ఉపవాసాలు. మా ఇంట్లో వానాకాలంలోనే మొదలైంది.

ఫిబ్రవరి 13

వర్క్‌షాప్‌లో రోజు కుదురుకుంటోంది. ఊడ్చడం, కల్లాపి, బోరు కొట్టడం, పొయ్యి ఊదడం, సద్ది మూట కట్టడం, క్వారీకి నడక. ఇంతమంది ఒక్కసారి కల్లాపి చల్లినట్టు చేతులు విదిలిస్తే నీళ్ల చప్పుడు వినబడ్డట్టే ఉంది. ముందు వెటకారం చేసినదాన్ని, ఇప్పుడు పిల్లలకి తొందరగా ఉప్మా పెట్టి పంపించేసి సాయంత్రం కోసం చూస్తున్నాను. ఒప్పుకోవడానికి నామోషీగా ఉంది.

నాగమ్మ అంది — "ఇన్నేళ్లు వంగి లేస్తన్నానా, ఇట్టా లేస్తానని నాకే తెలవదే." ఆ మాటకి నవ్వు రాలేదు నాకు. ఏదోలా అయింది.

ప్రహరీ అవతలి మగాళ్లు ఒక్కొక్కళ్లే లోపలికి వచ్చారు. కంకర కొట్టడం చూపించారు. ఇక బండమోత కావాలంది సుధ. దానికి మాత్రం నిజం కర్ర ఉంటే బాగుంటుందట. ఎవరి దగ్గరైనా ఉందా అంది.

అందరూ నావైపు చూశారు. ఆ కర్ర మా ఇంట్లోనే ఉంది. వంటగది మూలన. దాన్ని ఊడ్చేటప్పుడు కూడా నేను ముట్టుకోను, చుట్టూ ఊడుస్తాను.

ఇంటికి వచ్చి అడిగాను. ఏమయ్యా, కర్ర ఇస్తావా వాళ్లకి? ఉత్త కర్రే, బండ ఏం లేదు.

ఆయన — "నేనే తెస్తాలే."

ఒక మాట పూర్తిగా. ఎన్ని రోజులకో.

ఫిబ్రవరి 14

తెచ్చాడు. భుజాన వేసుకోలేదు, చేత్తో పట్టుకుని తెచ్చాడు. వసారా కింద పెట్టి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పోలేదు.

సుధ ఇద్దరిని ముందుకు పిలిచి కర్ర భుజాలకి ఎత్తించింది. చక్కగా చెప్పింది పాపం, తనకి తెలిసినట్టు. "మాటలొద్దు. ఒకరి అడుగు ఒకరు వినండి. కర్రలోంచి ముందువాళ్ల భుజం వెనకవాళ్లకి తెలియాలి. నోరు అక్కర్లేదు, ఒళ్లే చెబుతుంది."

వాళ్లు నడిచారు. డబ్బా మెల్లగా మోగుతోంది. చూడటానికి బాగానే ఉంది.

ఆ చివరి నుంచి కోటమ్మ లేచింది. "దించండి."

డబ్బా ఆగింది.

"దారి చెప్పకుండా కర్ర మొయ్యమాకండి. ఉత్తదైనా సరే. దించండి కిందికి."

దించారు. కోటమ్మ సుధ వైపు చూడలేదు. స్తంభం వైపు చూస్తోంది. ఆయన తలవంచుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. సుధకి అప్పుడు అర్థమైంది. వసారా మెట్టు మీద కూర్చుండిపోయింది. తర్వాత నా దగ్గరికి వచ్చి ఏదో అనబోయింది, నీ తప్పు కాదులేమ్మా అన్నాను. నిజంగా ఆ పిల్ల తప్పు కాదు.

కర్ర అక్కడే ఉండిపోయింది.

ఫిబ్రవరి 15

అడిగేశాను చివరికి.

అన్నం తింటుంటే అడిగాను. తినేవాణ్ని అడగకూడదని తెలిసీ. "ఆ రోజు దారి చెప్పావా, చెప్పలేదా? నాకు చెప్పు. నాకు కాకపోతే ఇంకెవరికి చెబుతావు?"

ముద్ద కంచంలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కున్నాడు.

అరిచాను. ఏం అరిచానో రాయను. నాకు జాలి అయిపోయింది, ఓపిక అయిపోయింది. కోపం ఒక్కటే మిగిలింది. నువ్వే చంపానన్నా నీతోనే ఉంటా కదయ్యా. ఈ నోరు లేని మనిషితో ఎట్లా ఉండాలో నాకు తెలియడం లేదు.

ఫిబ్రవరి 16. ఆదివారం

ప్రార్థన చెయ్యలేదు. చేస్తే ఏం అడగాలో తెలియలేదు.

ఫిబ్రవరి 17

వినుకొండ పోదాం అన్నాను. ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. మంచం పట్టె మీద వేళ్లు మాత్రం కదులుతున్నాయి, డబ్బా చప్పుడులా. టక్... టక్. ఆగి. టక్. దారి లెక్క కట్టుకుంటున్నట్టు.

ఫిబ్రవరి 18

ఇవాళ్టిది ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టాలి.

సాయంత్రం నాకంటే ముందే పోయాడు. నేను వెళ్లేసరికి జాగా మధ్యలో నిలబడి ఉన్నాడు, కర్ర ముందుకొస భుజాన, వెనక్కొస నేల మీద. అందరూ గోడవారగా. సుధ నన్ను చూసి చేతులు తిప్పింది, నాకేం తెలియదన్నట్టు.

"ఎవరన్నా ఎనక నిలబడండి" అన్నాడు ఆయన. "ఉత్త కర్రే గదా."

ఎవరూ కదలలేదు. ఒకప్పుడు ఆయనతో బీడీలు పంచుకున్నవాళ్లే. కొందరు నేల చూస్తున్నారు. ఉత్త కర్ర వెనక కూడా నిలబడరు ఆయనకి. నేను లేచాను. పైట నడుముకు దోపుకున్నాను.

నాకంటే ముందే కోటమ్మ వచ్చేసింది. వంగి వెనక్కొస ఎత్తి భుజాన పెట్టుకుంది.

ఆయనకి తెలిసింది, వెనక ఎవరో. తిరిగి చూడలేదు.

"రాయి. ఎడమ పక్క."

కోటమ్మ — "ఊఁ."

అడుగు.

"దిగుడు."

"ఊఁ."

"జారుడుంది. మడమ నొక్కు."

"ఊఁ."

బాలవాడి ముందు జాగా చదునైన నేల. రాయి లేదు, దిగుడు లేదు. ఆయన ఆ రోజు దారి నడుస్తున్నాడు. క్వారీవాళ్లందరికీ అర్థమైంది. నాగమ్మ నా చెయ్యి పట్టుకుంది. సుధ డబ్బా కొట్టడం లేదు. వాళ్ల అడుగులే వినబడుతున్నాయి, ఆ ఇద్దరి గొంతులే.

మధ్యకి వచ్చి ఆగాడు.

"గుంట."

కోటమ్మ పలకలేదు.

"గుంటుంది, కోటమ్మా."

పలకలేదు. పలికేదాకా అడుగు వెయ్యకూడదు. ఆయన వెయ్యలేదు. కర్ర భుజాన పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. సాగర్ పోయే బస్సు రోడ్డు మీద వెళ్లిపోయింది, దాని దుమ్ము వచ్చి మా మీద పడి సర్దుకుంది, ఇద్దరూ అలాగే ఉన్నారు.

అప్పుడు అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"ఆ రోజు చెప్పలా."

ఎవరో ఊపిరి గట్టిగా తీశారు. నేనేనేమో.

"ఆ రోజొక్కటే కాదు. చానా ఏళ్లనుంచి చెప్పుకోలా మేము. మొదట్లో చెప్పేవోణ్ణి. తర్వాత అక్కర్లేకపోయింది. నేను భుజం వంచితే వాడికి తెలిసేది. వాడు ఆగితే నాకు తెలిసేది. చూడండ్రా నోరు మెదపకుండా ఎట్టా మోస్తన్నారో అని అందరూ మెచ్చుకుంటంటే... బాగుండేది. ఆ రోజు పాత దారి మీద మట్టి పోశారు. కొత్త దారిన వచ్చాం. గుంట నాకు కనబడింది. నేను దాటా. వాడికీ తెలిసిందనుకున్నా."

అంతే. నోరు మాత్రం తెరుచుకునే ఉంది, ఇంకా ఏదో రావాలన్నట్టు.

కోటమ్మ కర్ర కొసని మెల్లగా నేల మీద పెట్టింది. చప్పుడు కాకుండా. ఊఁ అనకుండానే వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 19

గోడ అవతల చీపురు చప్పుడు లేదు ఇవాళ.

ఆయన నిద్రపోయాడు, గోడవైపు కాకుండా నావైపు తిరిగి. మొహం చూస్తూ కూర్చున్నాను. ఎంత చిక్కిపోయాడు. చెప్పలేదు అన్న మాట వింటే ఏదో అయిపోతానని ఇన్నాళ్లు భయపడ్డాను. విన్నాను. ఏమీ కాలేదు. పొయ్యి వెలిగించి ఎసరు పెట్టాను.

హనుమయ్యని తలుచుకుంటే మాత్రం ఏడుపు ఆగలేదు. వాడికీ తెలిసిందనుకున్నా.

ఫిబ్రవరి 20

"వదినా."

గోడ మీద నుంచి. ఆ పిలుపు విని ఎన్నాళ్లయింది... చేతిలో చాట జారింది.

కోటమ్మ గోడకి మోచేతులు ఆనించి నిలబడి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మాట మాత్రం నిలకడగానే ఉంది.

"చెప్పలేదని నాకు ఆ రోజే తెలుసు వదినా. ఇంటికొచ్చి మురుసుకునేవోడు — ఏసోబన్నకీ నాకూ నోటితో పన్లేదే అని. నేనూ మురిశా. బోరు కాడ నలుగురికీ చెప్పుకున్నా. ఒక్కనాడన్నా, అదేందయ్యా, దారి చెప్పుకోకుండా మోసేదేంది అనలా నేను."

"మరి ఇన్నాళ్లు..."

"మీయాయన నోటితో అంటాడేమోనని చూశా. అనకపోతే ఇంక హనుమయ్య మాటెత్తేవోళ్లు ఎవరుండారు నాకు?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. కిందపడ్డ చాట తీసుకో, బియ్యం పోతన్నయ్యి అంది.

ఫిబ్రవరి 21

ఇది నేను అనుకోలేదు. ఎవరూ అనుకోరు.

కోటమ్మ గుమ్మంలోకి వచ్చింది, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయనతోనే నేరుగా.

"అన్నా, నేను నిలబడతా నీ ఎనక. క్వారీలో. బండకి."

ఆడవాళ్లు కంకర కొడతారు, తట్టలు మోస్తారు. కర్ర పట్టరు. ఎప్పుడూ పట్టలేదు.

ఆయన మొహం తెల్లబోయింది. "వద్దు తల్లీ. నావల్ల కాదు. నాకు భయం."

"అందుకే అడుగుతన్నా. భయం లేనోళ్ల ఎనక నేను నిలబడను. నా మొగుడు నిలబడి చూశాడుగా."

"నీకేమన్నా అయితే..."

"దారి చెప్పు. నువ్వు చెప్తే నేను ఊఁ అంటా. నేననకపోతే నువ్వు కదలమాక. అంతేగా పని?"

నేను మధ్యలో దూరాను, నేను నిలబడతాలే, కోటమ్మ ఎందుకు అని. ఆయన నావైపు చూసి, చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వినట్టు — "నీకు బరువు తెలవదు" అన్నాడు. కోటమ్మ కూడా అవునన్నట్టు తల ఊపింది. నాకు చిన్నతనంగా అనిపించింది. అసూయగా కూడా. ఇద్దరూ ఒక బరువు కింద ఉన్నవాళ్లు, నేను పక్కన నడిచేదాన్ని.

ఫిబ్రవరి 22

మేస్త్రి నవ్వాడు. స్కూటర్ మీదే కూర్చుని, కడుపు పట్టుకుని. "ఆడమనిషి కర్ర పట్టుద్దా? అదీ నీ ఎనకా?" కోటమ్మ నిలబడింది. ఆయనా నిలబడ్డాడు. నవ్వు అయిపోయాక కూడా ఇద్దరూ అక్కడే ఉండేసరికి మేస్త్రికి ఏం చెయ్యాలో తోచలేదు.

"సోమారం రండి. చిన్న బండలే. ఒక్క పూట జూస్తా."

తమ్ముడికి ఏం కబురు పంపాలో తెలియదు. సోమవారం కానీ.

ఫిబ్రవరి 23. ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి సుధ జాగా ఊడ్పించి ఉంచింది. సాయంత్రం కాలనీ అంతా వచ్చింది, మాచర్ల నుంచి వయోజన విద్య ఆఫీసరు కూడా. చేతుల్లో ఏమీ లేకుండా ఒక రోజంతా చేశారు. ఊడ్చారు, కల్లాపి చల్లారు, పొయ్యి ఊదారు. నాగమ్మ వంగి లేచిన తీరుకి ఎవరూ నవ్వలేదు. నేను ముక్కులు తుడిచాను, పిల్లలు నిజంగానే ముక్కులు తెచ్చి ఇచ్చారు.

మోత వచ్చింది. ఆయన, కోటమ్మ. దారి చెప్పుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి. మధ్యకి వచ్చాక "గుంట" అన్నాడు. ఈసారి పలికింది. ఊఁ అని. ఆమె ఆ చోటు దాటేటప్పుడు చీర కుచ్చిళ్లు పట్టుకుని కాలు పైకెత్తి దాటింది, అక్కడ నిజంగా ఉన్నట్టు. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. మావాళ్లెవరూ కొట్టలేదు.

సుధ ఆఖరి బస్సుకి వెళ్లిపోయింది. డబ్బా నాకే ఇచ్చింది, పిల్లలకి పనికొస్తుందని. నీకు మంచి జరగాలమ్మా అన్నాను. మనసులోంచి అన్నాను.

రేపు బండ ఉంటుంది.

ఫిబ్రవరి 24. సోమవారం

పొద్దున్నే పోయారు. ఆయన ముందు, ఆమె వెనక, మధ్యలో ఉత్త కర్ర. మా సందు మలుపు దగ్గరే మొదలుపెట్టాడు — "రాయి." "ఊఁ." బండ ఇంకా కట్టకముందే. నీళ్లకి వచ్చినవాళ్లు నవ్వుకున్నారు. వాళ్లిద్దరూ నవ్వలేదు.

సద్ది మూటలు రెండూ నేనే కట్టి ఇచ్చాను.

మధ్యాహ్నం. బాలవాడి. ఉప్మా అయిపోయింది, పిల్లలు పడుకున్నారు. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వసారాలో కూర్చున్నాను. గాలి క్వారీ వైపు నుంచి వస్తోంది. అందులో ఆయన గొంతు.

మొదట ఆయనదని పోల్చుకోలేదు. అంత గట్టిగా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు.

"రాయి." ఆగి — "దిగుడు." ఆగి — "చదును."

చదునుగా ఉన్నచోట కూడా చదును అని చెబుతున్నాడు. ఎవరూ చెప్పరు అలా. చెప్పక్కర్లేనివి కూడా చెబుతున్నాడు.

కోటమ్మ గొంతు ఇంత దూరం రాదు. ఆయన మళ్లీ నోరు విప్పితేనే ఆమె ఊఁ అన్నట్టు. ప్రతి మాటకీ మధ్యలో నా ఊపిరి ఆగుతోంది. పలక మీద పిల్లలు వేసిన గీతలు చూస్తూ, ఇక్కడ రాస్తూ, వింటున్నాను.

చదును.

చదును.

గుంట.

ఇంకా ఏమీ అనలేదు. గాలి తిరిగిందేమో.